ఎంఐటీ డిగ్రీ ఉన్నా ఇంజినీర్ ఉద్యోగం ఇవ్వలేదు!

ఈఈఈ చదివినవాళ్లకి ‘క్లార్క్ ట్రాన్స్‌ఫర్మేషన్’ అనే మాట కొత్తేం కాదు. డ్రైవ్స్ సబ్జెక్టులోనో, పవర్ ఎలక్ట్రానిక్స్‌లోనో ఎక్కడో ఒకచోట తగులుతుంది. మూడు వరుసలు, మూడు నిలువు వరుసల మ్యాట్రిక్స్ ఒకటి బట్టీ పట్టి, పరీక్షలో దింపేసి, బయటికొచ్చాక మర్చిపోతాం. ఇంతకీ ఆ క్లార్క్ ఎవరు? ఆమె పేరు ఈడిత్ క్లార్క్. ఎంఐటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ మాస్టర్స్ డిగ్రీ అందుకున్న మొదటి మహిళ. అయితే ఆ డిగ్రీ చేతికొచ్చాక కూడా ఆమెను ఇంజినీర్‌గా తీసుకునే కంపెనీ దొరకలేదు. ఉద్యోగాల వేటలో ఉన్న మనందరం తెలుసుకోవాల్సిన జీవితం ఇది.

ఆస్తి మొత్తం చదువుకే

ఈడిత్ 1883లో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో పుట్టారు. పన్నెండేళ్లకే తల్లిదండ్రులిద్దరూ లేకుండా పోయారు. అక్క దగ్గర పెరిగారు. తన వాటాకి వచ్చిన డబ్బుతో వాసర్ కాలేజీలో చేరి గణితం, ఖగోళశాస్త్రం చదివి 1908లో డిగ్రీ పూర్తి చేశారు. తర్వాత కొన్నాళ్లు లెక్కల టీచర్‌గా పనిచేశారు. కానీ మనసంతా ఇంజినీరింగ్ మీదే. 1911లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో సివిల్ ఇంజినీరింగ్‌లో చేరారు. ఏడాది తిరగ్గానే ఏటీ అండ్ టీ కంపెనీలో ‘కంప్యూటర్’గా ఉద్యోగం వచ్చింది.

అప్పట్లో కంప్యూటర్ అంటే యంత్రం కాదు, మనిషి. ఇంజినీర్లు సమీకరణాలు రాసిస్తే, కూర్చుని చేత్తో లెక్కలు కట్టేవాళ్లని అలా పిలిచేవారు. టెలిఫోన్ లైన్ల మీద పరిశోధన చేస్తున్న జార్జ్ క్యాంప్‌బెల్‌కి ఆమె లెక్కలు చేసిపెట్టారు. కరెంటు, సిగ్నల్ లైన్లలో ఎలా నడుస్తాయో అక్కడే ఒంటబట్టింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మహిళా కంప్యూటర్ల బృందానికి నాయకత్వం కూడా వహించారు. 1918లో ఆ ఉద్యోగం వదిలేసి ఎంఐటీలో చేరి, మరుసటి ఏడాదే మాస్టర్స్ సాధించారు. అప్పటికి ఆమె వయసు 36.

మళ్లీ అదే కుర్చీ

ఇంత చదివాక కూడా జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ) ఆమెకు ఇచ్చింది ఇంజినీర్ పోస్టు కాదు. టర్బైన్ విభాగంలో లెక్కలు చేసే మహిళల మీద సూపర్‌వైజర్ ఉద్యోగం. జీతం మగ ఇంజినీర్ల కంటే తక్కువ. ఎలక్ట్రికల్ పనిలో వేలు పెట్టే అవకాశమే లేదు.

ఆ సమయంలో ఆమె చేసినవి రెండు పనులు. ఒకటి, తనకి ఎవరూ అప్పగించని సమస్యను తానే తీసుకున్నారు. పొడవైన ట్రాన్స్‌మిషన్ లైన్ల లెక్కల్లో హైపర్‌బోలిక్ ఫంక్షన్లు వస్తాయి. చేత్తో చేస్తే గంటలు పడుతుంది. ఆ లెక్కల్ని గ్రాఫ్ మీద తొందరగా తేల్చే ‘క్లార్క్ కాలిక్యులేటర్’ను తయారుచేసి 1921లో పేటెంట్‌కి దరఖాస్తు చేశారు. అది 1925లో మంజూరైంది. రెండోది, ఉద్యోగం మానేశారు. 1921లోనే టర్కీ వెళ్లి, కాన్‌స్టాంటినోపుల్ మహిళా కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పారు. 1922లో తిరిగొచ్చాక అదే జీఈ ఆమెను ఎలక్ట్రికల్ ఇంజినీర్‌గా తీసుకుంది. డిగ్రీ వచ్చిన మూడేళ్లకి, 39 ఏళ్ల వయసులో, ఆ హోదా దక్కింది.

మూడును రెండు చేసిన మ్యాట్రిక్స్

ఇప్పుడు అసలు సబ్జెక్టుకి వద్దాం. మన ఊళ్లో స్తంభాల మీద వచ్చేది త్రీఫేజ్ కరెంటు. మూడు ఫేజ్‌లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి, ఒక తీగ తెగినా, నేల తాకినా లెక్క చిక్కుపడిపోతుంది. 1918లో చార్లెస్ ఫోర్టెస్క్యూ ఈ చిక్కు విప్పే సిమెట్రికల్ కాంపోనెంట్స్ పద్ధతి చూపించారు. కానీ ఆ మ్యాట్రిక్స్‌లో కాంప్లెక్స్ సంఖ్యలు ఉంటాయి. క్లార్క్ దాన్ని మార్చి, అన్నీ మామూలు సంఖ్యలే ఉండే రూపం తెచ్చారు. మూడు ఫేజ్‌ల విలువలు లోపలికి పంపితే ఆల్ఫా, బీటా, జీరో అనే మూడు విలువలు బయటికొస్తాయి.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక క్షణంలో మూడు ఫేజ్‌ల కరెంట్లు 10, మైనస్ 5, మైనస్ 5 ఆంపియర్లు అనుకుందాం. జీరో అంటే మూడింటి సగటు, అంటే సున్నా. ఆల్ఫా కావాలంటే మొదటి ఫేజ్ నుంచి మిగతా రెండింటిలో సగం సగం తీసేసి, 2/3తో గుణించాలి: 10 + 2.5 + 2.5 = 15, దాన్ని 2/3తో గుణిస్తే 10. బీటా అనేది రెండు, మూడు ఫేజ్‌ల తేడా మీద ఆధారపడుతుంది, కాబట్టి ఇక్కడ అదీ సున్నానే. సిస్టమ్ బ్యాలెన్స్‌గా ఉన్నంతసేపూ జీరో విలువ సున్నాగానే ఉంటుంది. అంటే మూడు విలువలతో కుస్తీ పట్టే బదులు రెండింటితో పని అయిపోతుంది. ఎక్కడైనా ఫేజ్ నేల తాకితే, న్యూట్రల్ ఎర్త్ చేసిన సిస్టమ్‌లో జీరో విలువ తల ఎత్తుతుంది. లోపం పసిగట్టే రిలేలకు అదే గుర్తు.

జీఈలోనే పనిచేసిన రాబర్ట్ పార్క్ 1929లో ఇంకో ట్రాన్స్‌ఫర్మేషన్ ఇచ్చారు. ఈ రెండూ కలిస్తేనే ఇవాళ్టి ఫీల్డ్ ఓరియెంటెడ్ కంట్రోల్. ఎలక్ట్రిక్ వాహనం యాక్సిలరేటర్ తిప్పినప్పుడు, ఈ పద్ధతి వాడే కంట్రోలర్‌లోని చిప్ క్లార్క్ మ్యాట్రిక్స్‌ను సెకనుకు వేలసార్లు లెక్కిస్తుంది.

ఆలస్యంగా వచ్చినా..

1926లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజినీర్స్‌లో పేపర్ సమర్పించిన తొలి మహిళ ఆమే. ఈ సంస్థే తర్వాత ఐఈఈఈలో భాగమైంది. 1943లో ఏసీ పవర్ సిస్టమ్స్ మీద ఆమె పుస్తకం మొదటి భాగం, 1950లో రెండో భాగం వచ్చాయి. 1945లో జీఈ నుంచి రిటైరయ్యారు. 1947లో, అరవై దాటాక, టెక్సస్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్‌గా చేరి పాఠాలు చెప్పారు. 1948లో ఆ ఇన్‌స్టిట్యూట్ ఫెలో అయిన మొదటి మహిళగా నిలిచారు. 1959లో కన్నుమూశారు.

ఆమెకి జరిగింది అన్యాయమే. ‘కష్టపడితే అన్నీ వస్తాయి’ అని దాన్ని కప్పిపుచ్చక్కర్లేదు. మనం నేర్చుకోవాల్సింది, తక్కువ పోస్టులో ఉన్నప్పుడు ఆమె ఏం చేశారన్నది. చేతిలో చూపించడానికి ఒక పని తయారుచేసుకున్నారు. ఎదుగుదల లేనిచోట ఆగిపోలేదు. మీరు కోర్ కంపెనీ వదిలి సపోర్ట్ ఉద్యోగంలో చేరినా, నైపుణ్యం చూపించే ప్రాజెక్టు ఒకటి పక్కన నడపండి. ఈవీ కంపెనీల ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లయితే ఈ మ్యాట్రిక్స్‌ను ఈ వారమే పైథాన్‌లోనో మ్యాట్‌ల్యాబ్‌లోనో రాసి, మూడు సైన్ వేవ్‌లు ఇచ్చి చూడండి. ఒక ఫేజ్‌ను కావాలనే తగ్గించి, జీరో విలువ ఎలా మారుతుందో గమనించండి. ఫార్ములా అప్పజెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. అది ఎందుకు పుట్టిందో చెప్పగలిగితే మీ జవాబు వేరుగా వినిపిస్తుంది.