వీధిలో పాడిన త్యాగయ్య



ఈ వారం పునీతుని చరిత్ర కాదు, ఒక సంగీతకారుని చరిత్ర చెబుతాను. ఆయన క్రైస్తవుడు కాడు, శ్రీరాముని భక్తుడు. మన పత్రికలో ఆయన ప్రసక్తి ఎందుకని మీరు అడగవచ్చు. ఆదివారం మన దేవాలయంలో ఎవరు పాడుతున్నారు, ఎవరు ఊరకే నిలబడుతున్నారు అన్న విషయం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. ఆ బాధే నన్ను ఈయన దగ్గరకు తీసుకుపోయింది.

పైగా ఆయన మనకు పరాయివాడు కూడా కాడు. కంభం వైపు అర్ధవీడు మండలంలో కాకర్ల అనే ఊరు ఉంది. మన దాచేపల్లివాళ్ళకు అది మరీ దూరదేశమేమీ కాదు. ఏనాడో ఆ ఊరి కుటుంబం ఒకటి తంజావూరు సీమకు వలసపోయింది. ఊరు మారింది గాని ఇంటిపేరు మారలేదు, ఇంట్లో మాట మారలేదు. ఆ ఇంట 1767 మే 4న తిరువారూరులో కాకర్ల త్యాగబ్రహ్మం పుట్టారు. లోకం ఆయనను త్యాగరాజు అంటుంది, మనవాళ్ళు ప్రేమగా త్యాగయ్య అంటారు.

తండ్రి రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. ఆ తల్లి ఇంటి పనుల మధ్య భద్రాచల రామదాసు కీర్తనలు, పురందరదాసు పాటలు పాడుతుంటే పిల్లవాడు విన్నాడు. సంగీతం మొదట ఆయనకు అలా అబ్బింది. గురువు తరువాత వచ్చారు. ఆయన తంజావూరు ఆస్థాన విద్వాంసులలో ఒకరైన శొంఠి వేంకటరమణయ్యగారు. అంత గురువు దగ్గర నేర్చి, అంత విద్య సంపాదించినవాడికి కొలువు దొరకదా? దొరికేదే. శరభోజి మహారాజు పిలిచినా పోలేదనీ, దానికి అన్నగారు మండిపడి తమ్ముడు పూజించే విగ్రహాలను కావేరిలో పారవేశారనీ శిష్యుల పరంపర చెబుతుంది. డబ్బు తెచ్చే చదువు చదివి డబ్బు తేని బిడ్డమీద ఇంటివాళ్ళకు కోపం రావడం మన ఊళ్ళలోనూ చూస్తున్నదే. అన్నగారిని నేను పూర్తిగా తప్పుపట్టలేను.

మరి బ్రతుకు ఎలా గడిచింది? ఉంఛవృత్తితో. తెల్లవారి తంబురా పట్టుకుని తిరువైయారు వీధులలో పాడుతూ నడిచేవారు. ఇల్లాలు గడపలోకి వచ్చి గుప్పెడు బియ్యం పాత్రలో వేసేది. ఆ బియ్యంతోనే ఇల్లు, ఆ బియ్యంతోనే శిష్యులకు అన్నం. బిచ్చమని దీనిని చులకన చేయకండి. అది ఆయన కోరి పట్టిన వ్రతం. ఆ వీధులలోనే ఆయనకు ఇంకొకటి కూడా దొరికింది. అది జనం పాట.

ఆ సీమలో అప్పటికే భజన సంప్రదాయం పాతుకుపోయి ఉంది. ఒకరు చరణం అందిస్తారు, అందరూ అందుకుంటారు. రాగజ్ఞానం అక్కరలేదు. రామదాసు తెలుగు కీర్తనలు ఆ భజనలకు ప్రాణం. గోలకొండ చెరలో మగ్గిన ఆ కంచెర్ల గోపన్నను త్యాగయ్య తన ప్రహ్లాద భక్తి విజయంలో పేరుపెట్టి స్తుతించారు.

ఇక్కడ కొంచెం ఓపికగా వినండి. త్యాగయ్య పేరు చెప్పగానే సంగీత సభలు తలచుకునేవి ఆయన పెద్ద కృతులను, ముఖ్యంగా పంచరత్నాలను. పెద్ద కృతిలో పల్లవి, అనుపల్లవి, చరణం ఉంటాయి. ఒకే పాదాన్ని సంగతి మీద సంగతిగా పెంచుకుంటూ పోవాలి. ఏళ్ళ తరబడి సాధన లేనిదే నోరు తిరగదు. కాని అదే మనిషి దివ్యనామ కీర్తనలనీ, ఉత్సవ సంప్రదాయ కీర్తనలనీ వేరే పాటలు కూడా కట్టారు. దివ్యనామ కీర్తనలో పల్లవి చిన్నది, చరణాలు ఎక్కువ, అన్నిటికీ సాధారణంగా ఒకే వరుస. రెండు చరణాలు విన్నవాడు మూడవ చరణానికి గొంతు కలపగలడు. ఉత్సవ కీర్తనలు దేవుని మేలుకొలపడానికి, నైవేద్యం పెట్టడానికి, ఊయల ఊపడానికి, హారతికి, నిద్రపుచ్చడానికి పాడుకునేవి. మన పల్లె తల్లులు బిడ్డకు చేసే సేవలే ఇవన్నీ. పెద్ద కృతులు కట్టగలవాడు వీటిని చేతకాక కట్టలేదు. పక్కవాళ్ళు కూడా పాడాలని కట్టారు.

భజనలో దివ్యనామం పాడేటప్పుడు మధ్యలో దీపం వెలిగించి దాని చుట్టూ తిరుగుతూ అడుగులు వేస్తారు. ఇది చదివినప్పుడు నాకు అమెరికాలోని షేకర్లు గుర్తుకు వచ్చారు. 1774లో ఆన్ లీ అనే స్త్రీ వెంట ఇంగ్లాండు నుండి వెళ్ళిన చిన్న క్రైస్తవ సమాజం అది. పెండ్లి లేదు, సొంత ఆస్తి లేదు. ప్రార్థనలో అడుగులు వేస్తూ పాడేవారు. 1848లో, అంటే త్యాగయ్య పోయిన మరుసటి ఏట, జోసఫ్ బ్రాకెట్ అనే షేకరు పెద్ద అడుగులు వేస్తూ పాడుకోవడానికి ఒక చిన్న పాట కట్టాడు. చాలాకాలం అది వాళ్ళ మధ్యనే ఉండిపోయింది. 1944లో ఆరన్ కోప్లాండ్ అనే పెద్ద సంగీతకర్త ఒక పుస్తకంలో దొరికిన ఆ వరుసను తన నృత్య సంగీతంలో పెట్టి, రకరకాలుగా మార్చి వినిపించాడు. మరుసటి ఏడు ఆ రచనకు పులిట్జర్ బహుమతి వచ్చింది. మంచి పనే. అయితే కోప్లాండ్ సామాన్యుల పాటను సభకు తెచ్చాడు, త్యాగయ్య సభలో నిలిచే విద్యను వీధికి తెచ్చాడు. నా మట్టుకు రెండవదే కష్టమనిపిస్తుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం ఒక విచారణలో ఉన్నప్పుడు గాయక బృందం పెట్టించాను. కీబోర్డు, మైకులు, కొత్త పాటలు. పండుగకు పాట అద్భుతంగా కుదిరింది, నేను పొంగిపోయాను. పూజ అయ్యాక పత్తి చేలలో కూలికిపోయే ఒక అవ్వ వచ్చి, అయ్యగారూ, ఇక మేం పాడే పనిలేదా అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. 1963లో రెండవ వాటికన్ మహాసభ విశ్వాసులందరి గొంతూ ఆరాధనలో వినిపించాలని చెప్పిన సంగతి సెమినరీలో చదివినవాణ్ణే. ఆ అవ్వకు ఏం జవాబు చెప్పానో తలచుకుంటే ఈనాటికీ సిగ్గే. కొత్తవి కదమ్మా, నేర్చుకోండి అన్నాను.

త్యాగయ్య చివరి రోజులలో సన్యాసం తీసుకుని 1847 జనవరి 6న తిరువైయారులో కన్నుమూశారు. కావేరి ఒడ్డున సమాధి చేశారు. రాసిపెట్టి, పాడి నేర్పిన శిష్యుల పుణ్యాన సుమారు ఏడువందల పాటలు మనకు మిగిలాయి. సమాధి పాడుబడితే బెంగళూరు నాగరత్నమ్మ అనే గాయని తన సొత్తు ఖర్చుపెట్టి మందిరం కట్టించింది, 1925లో ప్రతిష్ఠ జరిగింది. ఆడవాళ్ళను అక్కడ పాడనివ్వని రోజులవి.

ప్రతి ఏటా పుష్య బహుళ పంచమినాడు అక్కడ ఆరాధన జరుగుతుంది. దేశంలోని విద్వాంసులంతా వరుసలలో కూర్చుని పంచరత్నాలు పాడతారు. పత్రికలలో వేసే ఫోటో అదే. కాని ఆనాటి మొదటి పాట అది కాదు. పొద్దున్నే ఆయన ఇల్లున్న వీధినుండి ఉంఛవృత్తి భజన బయలుదేరుతుంది. తంబురా పట్టుకుని, దివ్యనామాలు అందుకుంటూ నడుస్తారు. ఆ వీధి పాట సమాధి దగ్గరకు చేరిన తరువాతే విద్వాంసులు గొంతు విప్పుతారు.