రామన్ గారి చివరి ప్రశ్న

సి.వి. రామన్ అనగానే మనకి ఫిబ్రవరి 28, సైన్స్ డే, నోబెల్ బహుమతి గుర్తొస్తాయి. పరీక్షకి అంతే చాలు. కానీ 1930లో నోబెల్ వచ్చాక ఆయన ఇంకో నలభై ఏళ్ళు బతికారు. చివరి పదేళ్ళలో ఆయన్ని ఎక్కువగా పట్టుకున్నది ఒకటే ప్రశ్న: అసలు మన కన్ను రంగుల్ని ఎట్లా చూస్తుంది?

పుట్టింది 1888లో తిరుచిరాపల్లి దగ్గర, తమిళ కుటుంబంలో. నాన్నగారికి విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం రావడంతో నాలుగేళ్ళ వయసు నుంచి పెరిగింది విశాఖలోనే. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష. గ్రాంట్ రోడ్ చాల్‌లో పెరిగిన నాకు ఈ ముక్క చదివాక ఆయన కొంచెం దగ్గరివారనిపించారు. మా ఇంట్లో అయితే ఒకే వాక్యంలో తెలుగూ మరాఠీ రెండూ దొర్లుతాయి.

మద్రాసు చదువు, కలకత్తాలో గవర్నమెంట్ లెక్కల ఉద్యోగం, ఆఫీసుకి ముందూ తర్వాతా ల్యాబ్ పని... ఇవన్నీ స్కూల్ పాఠంలో చదివినవే.

1921లో ఇంగ్లండ్ నుంచి నర్కుండా అనే ఓడలో తిరిగొస్తూ మధ్యధరా సముద్రపు నీలాన్ని చూశారు. ఆకాశం నీలమే నీళ్ళలో కనిపిస్తుందని అప్పటి పెద్ద శాస్త్రవేత్తల మాట. రామన్ దగ్గర నికోల్ పట్టకం ఉంది. దాన్ని సరైన కోణంలో పట్టుకుంటే నీటి మీద నుంచి ప్రతిఫలించే వెలుగు ఆగిపోతుంది. అట్లా ఆపి చూసినా నీలం పోలేదు, ఇంకా చిక్కగా కనిపించింది. అంటే ఆ రంగు నీటిదే, నీటి అణువులు వెలుగుని చెదరగొట్టడం వల్ల వచ్చిందే అని తేల్చుకున్నారు. ఆ సంగతి నేచర్ పత్రికకి రాసిన ఉత్తరం మీద ఉన్న చోటు బొంబాయి హార్బర్, తేదీ సెప్టెంబరు 26. (చౌపాటీకెళ్ళి ఈ పరీక్ష చేద్దామనుకోకండి. కామాఠీపురా నుంచి నడిచే వెళ్ళొచ్చు గానీ, అక్కడి నీళ్ళు బురద రంగు.) ఆ దారిలోనే వెళ్ళి 1928లో రామన్ ఎఫెక్ట్ కనుక్కున్నారు.

ఇక్కడ ఒక విషయం దాటేయడం నాకిష్టం లేదు. 1933లో ఆయన బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్ అయ్యారు. బొంబాయి యూనివర్సిటీలో డిగ్రీ చేసిన కమలా భాగవత్ సీటు అడిగితే, అమ్మాయి అని వద్దన్నారు. ఆమె వెనక్కి తగ్గలేదు. చివరికి మొదటి ఏడాది పరిశీలన కింద అనే షరతు పెట్టి చేర్చుకున్నారు. ఏడాది ఆమె పని చూశాక మనసు మార్చుకున్నారు. తర్వాత అన్నా మణి లాంటివాళ్ళు ఆయన ల్యాబ్‌లోనే వజ్రాల మీద పని చేశారు. కమల 1939లో కేంబ్రిడ్జి డాక్టరేట్ తీసుకుని, తర్వాత బొంబాయిలోనే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి డైరెక్టర్ అయ్యారు. సముద్రం విషయంలో పెద్దల మాట నమ్మకుండా తానే చూసిన మనిషి, అమ్మాయిల విషయంలో చూడకుండానే ఎట్లా తీర్పు చెప్పారో నాకు అర్థం కాదు.

1948లో బెంగుళూరులోనే సొంత సంస్థ పెట్టుకున్నారు. అక్కడ గులాబీలు, మిగతా పూల రంగులు చూస్తూ చూస్తూ చూపు మీదికే వచ్చారు. ఆయన పరీక్ష చాలా సింపుల్. బాగా వెలుగు పడే తెల్ల తెర ముందు కూర్చుని, రంగు గాజులోంచి తెర మీద ఒక్క చుక్కనే చూడాలి. చూపు కదపకుండా గాజుని టక్కున తీసేయాలి. అప్పుడు తెర మీద కాసేపు కనిపించే రంగుల బొమ్మ తన కంటి వెనకున్న రెటీనాదేనని ఆయన నమ్మకం. ఈ పని అంతా కలిపి 1968లో పుస్తకంగా వేశారు.

కంటిలో మూడు రకాల గ్రాహకాలు ఉంటాయన్న పాత సిద్ధాంతం తప్పని అందులో వాదించారు. కానీ 1964లోనే అమెరికాలో ఆ మూడింటినీ విడివిడిగా కొలిచేశారు. చూపు మీద పనిచేసేవాళ్ళు రామన్ పుస్తకాన్ని పెద్దగా పట్టించుకోలేదు. సిద్ధాంతం నిలవలేదు, నిజమే. కానీ డెబ్భై దాటాక, నోబెల్ ఉన్న మనిషి, కొత్త సబ్జెక్ట్‌లో మొదటి బెంచీ నుంచి మొదలుపెట్టడం నాకు నచ్చింది.

1970 అక్టోబరు 2న తన సంస్థలో ఆఖరి గాంధీ స్మారకోపన్యాసం ఇచ్చారు. అప్పటికి కన్ను దాటి చెవి దగ్గరికి వచ్చేశారు: మనం శబ్దాన్ని ఎట్లా వింటాం? నవంబరు 21న చనిపోయారు.