క్లాడ్ ఎటియెన్ మినీ

క్లాడ్ ఎటియెన్ మినీ (ఫిబ్రవరి 13, 1804 - డిసెంబర్ 14, 1879) ఫ్రాన్సు దేశానికి చెందిన సైనికాధికారి. గొట్టం మూతి నుండి మందు దట్టించే రైఫిళ్ళకు అనువైన తూటాను రూపొందించి ప్రసిద్ధి చెందాడు.

జీవిత విశేషాలు

మినీ పారిస్‌లో జన్మించాడు. ఆఫ్రికాలో ఫ్రెంచి సేనలతో పనిచేసి కెప్టెన్ అయ్యాడు. తూటా రూపకల్పనకు ప్రభుత్వం ఇతడికి 20,000 ఫ్రాంకుల బహుమతినిచ్చింది. 1858లో కల్నల్ హోదాతో పదవీ విరమణ చేశాడు. పారిస్‌లోనే మరణించాడు.

మినీ తూటా

రైఫిల్ గొట్టం లోపలి మెలితిరిగిన గాడులను తూటా బిగువుగా పట్టుకుంటేనే గురి కుదురుతుంది. అయితే తుపాకిమందు కాలిన మసి గాడులలో పేరుకొని, కొద్ది కాల్పులకే కొత్త తూటా లోనికి దిగేది కాదు. యుద్ధంలో గొట్టాన్ని శుభ్రపరచే వ్యవధి ఉండదు. అందువలన మినీ 1840లలో గొట్టం కంటే సన్నగా, అడుగున బోలుగా ఉండే సీసపు తూటాను తయారుచేశాడు. ఇది సులభంగా లోనికి జారి, పేలినపుడు అడుగుభాగం వ్యాకోచించి గాడులను పట్టుకొనేది. పూసిన కొవ్వు మసిని మెత్తబరచేది. అయినా మసి తేమను పీల్చి ఇనుమును తుప్పు పట్టిస్తుంది కనుక, కాల్పుల అనంతరం గొట్టాన్ని నీటితో కడిగి, గుడ్డతో తుడిచి, నూనె పూయవలసి వచ్చేది.

ప్రభావం

వ్యాకోచించే తూటానే వాడిన 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ భారతదేశానికి వచ్చింది. దాని తూటాల కాగితానికి ఆవు, పంది కొవ్వు పూశారన్న వార్త 1857 తిరుగుబాటుకు ఒక కారణమైంది.