గఢ్ బెంగాల్‌కు వచ్చిన కెమెరా

ఆర్నె సుక్స్‌డోర్ఫ్ పేరు మన తెలుగు పిల్లలకు పెద్దగా పరిచయం లేదు. బస్తర్‌లో, ముఖ్యంగా నారాయణపూర్ వైపు, ఆ పేరు నోరు తిరగకపోయినా ఆయన చేసిన పని చాలామందికి తెలుసు. పులితో ఆడుకున్న చెంద్రూ కథ ఇక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. ఆ కథను వెండితెర మీద ప్రపంచానికి చూపించిన స్వీడన్ దేశస్థుడే ఈయన. ఆస్కార్ గెలిచిన మొట్టమొదటి స్వీడిష్ సినిమా కూడా ఈయనదే. అదేమీ మూడు గంటల సినిమా కాదు, ఇరవై నిమిషాలకు మించని చిన్న చిత్రం. సెలవుల్లో షార్ట్ ఫిల్మ్ తీస్తాం, కథ చెప్పండి అని మా వెంటపడే పిల్లల కోసమే ఈయన జీవితం రాస్తున్నాం.

సుక్స్‌డోర్ఫ్ 1917 ఫిబ్రవరి 3న స్టాక్‌హోంలో పుట్టారు. మొదట ప్రకృతి శాస్త్రం మీద మనసు పడింది. తర్వాత చిత్రలేఖనం నేర్చుకోవడానికి బెర్లిన్ వెళ్లారు. అక్కడ కుంచె కంటే కెమెరా ఎక్కువ నచ్చింది. ముందు ఫొటోలు, ఆ తర్వాత కదిలే బొమ్మలు. 1939లో తన మొదటి చిన్న చిత్రం తీశారు. 1941లో వచ్చిన వేసవి కథ సినిమాతో జనం దృష్టి ఆయన మీద పడింది. అందులో కథానాయకులు నక్కపిల్లలు. పారితోషికం అడగని నటులు దొరికితే నిర్మాతకు అంతకంటే ఏం కావాలి!

అయితే ఆ రోజుల్లో తక్కువ ఖర్చు అనే మాటకు అర్థం వేరు. ఇప్పుడు ఫోనులో పది సార్లు తీసి తొమ్మిది చెరిపేస్తాం, పైసా ఖర్చు కాదు. అప్పుడు 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు కెమెరాలో పరుగెత్తేది. వెయ్యి అడుగుల రీలుకు పదకొండు నిమిషాలు. చిన్న కెమెరాలో పట్టే 400 అడుగుల చుట్టకు నాలుగున్నర నిమిషాలు కూడా రావు. తిప్పిన ప్రతి అడుగుకూ డబ్బు కట్టాలి, లాబొరేటరీలో కడిగించడానికి మళ్లీ కట్టాలి. అందుకే మీట నొక్కే ముందు చూడటం అలవాటయ్యేది. సుక్స్‌డోర్ఫ్‌కు ఆ చూడటమే చదువు. నక్క ఏ వేళకు కలుగులోంచి బయటికి వస్తుంది, గాలి ఎటు వీస్తే మనిషి వాసన దానికి తగలదు, ఉదయపు వెలుగు ఏ కొమ్మ మీద పడుతుంది అన్నవి ముందు తెలుసుకొని, ఆ తర్వాతే ఫిల్మ్ ఖర్చు పెట్టేవారు. రాసుకోవడం, కెమెరా పట్టడం, తీసినదాన్ని కోసి అతికించడం చాలామటుకు తనే చేసుకునేవారు. పెద్ద బృందం ఉంటే అడవి పారిపోతుంది కదా.

1944లో సముద్రపు గల్ పక్షుల మీద ఒక చిత్రం తీశారు. కొండచరియల మీద గూళ్లు కట్టుకున్న చిన్న పక్షుల గుడ్లనూ పిల్లలనూ ఒక పెద్ద గల్ దోచుకుపోతుంది. అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. హిట్లర్ సేనలు పక్క దేశాలను మింగుతున్న రోజులు. ఆ పక్షిలో చాలామంది ప్రేక్షకులు హిట్లర్ మూకలను చూశారు.

1948 నాటి మరో చిత్రంలో మంచు కప్పిన అడవి, రాత్రి, ఒక కుందేలు, ఒక నక్క, ఒక గుడ్లగూబ, దూరంగా చర్చి. గుడ్లగూబ తల తిప్పుతుంది, కుందేలు చెవులు నిక్కపొడుచుకుంటాయి, నక్క అడుగు వేస్తుంది. మనకు గుండె ఆగినంత పని అవుతుంది. ఆ మూడూ ఒకే క్షణంలో ఒకే చోట ఉండి ఉండనక్కర్లేదు. వేర్వేరు వేళల్లో తీసిన ముక్కలను పక్కపక్కన పెడితే ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నట్టు కనిపిస్తాయి. సినిమా ఎడిటింగులోని కీలకం అదే. సుక్స్‌డోర్ఫ్ కొన్ని జంతువులను పెంచి, ఆవరణలో ఉంచి కూడా తీశారు. అడవిలో జరిగింది జరిగినట్టు చూపించడం లేదని విమర్శలూ వచ్చాయి. కథ చెప్పేవాడికి ఆ మాత్రం స్వేచ్ఛ ఉంటుందని మా ఉద్దేశం. కాకపోతే అది జంతువుల విషయంలో.

ఆస్కార్ తెచ్చిన చిత్రం 1947లో తీసినది, స్టాక్‌హోం నగరం మీద. అందులో చెప్పుకోదగ్గ కథ లేదు. వీధులు, వాన, నీటి మీద గల్ పక్షులు, ఆడుకునే పిల్లలు, తమ పనుల్లో ఉన్న మనుషులు. అడవిలో నక్కను చూసిన కంటితోనే ఊరిని చూశారు. 1949లో జరిగిన ఉత్సవంలో చిన్న చిత్రాల విభాగంలో దానికి బహుమతి వచ్చింది. ఆ తర్వాత 1953లో పూర్తి నిడివి సినిమా తీశారు. ఇద్దరు అన్నదమ్ములు ఒక నీటికుక్కను ఇంట్లోవాళ్లకు తెలియకుండా చలికాలమంతా దాచి పెంచుకునే కథ అది. ఆ ఇద్దరిలో ఒకడిగా ఆయన సొంత కొడుకే నటించాడు, తండ్రి వేషం తనే వేశారు. 1954లో కాన్ చిత్రోత్సవంలో దానికీ బహుమతి దక్కింది.

మన దేశం ఆయనకు అంతకుముందే తెలుసు. ఇక్కడి పల్లె మీద ఒకటి, కాశ్మీరు నదీ జీవితం మీద ఒకటి చిన్న చిత్రాలు తీశారు. అవి 1951లో వచ్చాయి. ఆ తర్వాత 1950ల మధ్యలో బస్తర్ వచ్చారు. అప్పుడు ఇది మధ్యప్రదేశ్‌లో ఉండేది. ఆయన ఎంచుకున్న ఊరు నారాయణపూర్ దగ్గరి గఢ్ బెంగాల్. ఊరివాళ్లు మురియా గోండులు. వాళ్ల గోండీ మన తెలుగుకు చుట్టమైన ద్రావిడ భాష. చెవి పెట్టి వింటే కొన్ని మాటలు మన ఇంటి మాటల్లాగే తగులుతాయి.

ఇక్కడ ఆయన పద్ధతి మారింది. ఇది ఒక మనిషి, ఒక కెమెరాతో అయ్యే పని కాదు. రంగుల్లో, వెడల్పు తెర మీద తీసిన పెద్ద సినిమా. పండిట్ రవిశంకర్ సంగీతం. నటులు మాత్రం ఊరివాళ్లే. ఊరిని పీడించే చిరుతపులి, దాన్ని ఎదుర్కొనే వేటగాడు, వాళ్ల నడుమ చెంద్రూ మండావి అనే పదేళ్ల కుర్రాడు, అతని పులిపిల్ల. సుక్స్‌డోర్ఫ్ ఇక్కడ దాదాపు రెండేళ్లు గడిపారని చెబుతారు. రెండేళ్లంటే మా లెక్కలో ఒక పోస్టింగు. ఊరు మనల్ని గుర్తుపట్టి పలకరించడం మొదలుపెట్టేసరికి సామాను సర్దుకోవలసిన కాలం.

సినిమా 1957లో విడుదలైంది. ఇంగ్లీషులో దానికి పెట్టిన పేరుకు తెలుగులో అర్థం వేణువు, బాణం. మరుసటి ఏడు కాన్‌లో పోటీకి వెళ్లింది. సుక్స్‌డోర్ఫ్ భార్య ఆస్ట్రిడ్ కూడా మంచి ఫొటోగ్రాఫరు. చెంద్రూ మీద ఆమె తెచ్చిన బొమ్మల పుస్తకం ఎన్నో భాషల్లోకి వెళ్లింది. చెంద్రూను స్వీడన్ తీసుకువెళ్లారు. గఢ్ బెంగాల్ కుర్రాడు స్టాక్‌హోం మంచు చూశాడు, వీధుల్లో జనం అతన్ని గుర్తుపట్టారు. తర్వాత ఇంటికి పంపించారు.

ఇంటికొచ్చిన చెంద్రూ మళ్లీ మట్టి ఇంట్లోనే, పొలం, అడవి మీద ఆధారపడే బతికాడు. పెద్దవాడయ్యాడు, ముసలివాడయ్యాడు. ఎప్పుడైనా ఒక విలేకరి వచ్చి పాత ఫొటో చేతికిచ్చి పక్కన నిలబెట్టి తీసుకుపోయేవాడు. ఆ సినిమా కీర్తి అతని పేదరికాన్ని తీర్చలేదు. ఇక్కడ మేము సుక్స్‌డోర్ఫ్‌ను దోషిగా నిలబెట్టదలచుకోలేదు. ఆ సినిమా ఆయనకూ డబ్బు తేలేదు, నష్టమే తెచ్చింది. కానీ నక్కకూ మనిషికీ తేడా ఉంది. ఆఖరి షాట్ అయ్యాక నక్క అడవిలోకి వెళ్లిపోతుంది, తనను ప్రపంచం చూసిందని దానికి తెలియదు. చెంద్రూకు తెలుసు. ఆ తెలియడంతోనే అతను యాభై ఏళ్లకు పైగా బతకాల్సి వచ్చింది. సంతలో ఇప్పపువ్వు అమ్మే అవ్వ ముఖం మీదికి ఫోను ఎత్తే మన పిల్లలతో మేము మాట్లాడవలసి వచ్చినప్పుడు ఈ తేడా దగ్గరే ఆగుతాం. ఆమె ఒప్పుకుందా? తీసింది ఆమెకు చూపించారా? మళ్లీ ఆ సంతకు వెళ్తారా? కెమెరా ఎంత ఖరీదైనదన్న ప్రశ్న ఆ తర్వాత.

1961లో తీసిన మరో సినిమా కూడా నడవకపోవడంతో సుక్స్‌డోర్ఫ్ స్వీడన్ వదిలేశారు. 1962లో యునెస్కో తరఫున బ్రెజిల్‌లోని రియో నగరానికి సినిమా పాఠాలు చెప్పడానికి వెళ్లారు. మేము ఇష్టంగా చెప్పుకునే ఘట్టం ఇది, మాస్టారి పని కాబట్టి. అప్పటికి బ్రెజిల్ కుర్రాళ్లు తక్కువ డబ్బుతో, వీధుల్లో, మామూలు మనుషులతో కొత్త సినిమా తీయాలని తపిస్తున్నారు. సుక్స్‌డోర్ఫ్ తన వెంట తెచ్చిన పరికరాల మీద వాళ్లు చేతులు తిప్పుకున్నారు. మోసుకుపోగలిగిన నాగ్రా టేపు రికార్డరు వాటిలో ఒకటి. దానితో మనిషి మాటను అతను ఉన్నచోటే పట్టుకోవచ్చు. ఆ తరగతిలో కూర్చున్నవారిలో ఎడ్వర్డో కొటిన్హో, ఆర్నాల్డో జబోర్ తర్వాత ఆ దేశపు గొప్ప దర్శకులయ్యారు.

రియోలోనే 1965లో ఆయన మరో సినిమా తీశారు. కోపకబానా తీరం వెనక ఉండే నిరుపేద పిల్లల కథ. నటులు అక్కడి పిల్లలే. దానికి స్వీడన్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్నారు. పెద్ద హంగు లేదు, మళ్లీ తన పాత పద్ధతికి దగ్గరగా వచ్చారు. చూస్తుంటే బస్తర్ సినిమా కంటే ఇదే మాకు ఆయన సొంత గొంతులా అనిపించింది.

ఆ తర్వాత బ్రెజిల్‌లోని పంటనాల్ చిత్తడి నేలల్లో ఏళ్ల తరబడి ఉండిపోయారు. అక్కడి పక్షులను, మొసళ్లను, జాగ్వార్లను ఫొటోలు తీస్తూ, టెలివిజన్ కోసం చిత్రాలు తీస్తూ, ఆ అడవిని కాపాడమని మాట్లాడుతూ గడిపారు. ముసలితనంలో స్వీడన్ తిరిగి వెళ్లారు. 2001 మే 4న, 84 ఏళ్ల వయసులో స్టాక్‌హోంలో కన్నుమూశారు.

చెంద్రూ మండావి ఆ తర్వాత పన్నెండేళ్లు బతికాడు. జబ్బుపడి, 2013 సెప్టెంబరులో చనిపోయాడు. గఢ్ బెంగాల్‌లో ఇప్పటికీ చెక్క చెక్కేవాళ్లు, వెదురు వేణువు చేసేవాళ్లు ఉన్నారు. గాలిలో తిప్పితే మోగే ఆ వేణువును సులూర్ అంటారు. దాన్ని చేసే పండీరామ్ మండావికి 2025లో పద్మశ్రీ వచ్చింది.