ఇన్సులిన్ రూపాన్ని చూసిన డొరొతీ హాడ్జ్‌కిన్

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుల జీవితం వ్రాయమని మన సంఘం కార్యదర్శి గారు నన్ను అడిగారు. గాంధీ గారి గురించీ, ప్రకాశం పంతులు గారి గురించీ నాకంటె బాగా వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఒక ఆంగ్ల శాస్త్రవేత్తను ఎన్నుకొన్నాను. మనం నెలకోసారి కలుసుకొన్నప్పుడు డి.ఎ. మాట అయిన తరువాత వచ్చేది షుగరు మాటే గదా! పన్నెండేళ్ళుగా ఇన్సులిన్ సూది వేసుకొంటున్న వాణ్ణి కనుక, ఆ మందు లోపలి రూపాన్ని మొదట కళ్ళకు కట్టించినవారెవరో తెలుసుకోవాలనిపించి, మా మనవడు తెచ్చిన పుస్తకాలు చదివాను.

డొరొతీ 1910 మే 12న కైరో నగరంలో జన్మించారు. తండ్రి జాన్ క్రోఫుట్ ఈజిప్టులోనూ, పిమ్మట సూడానులోనూ విద్యాశాఖ ఉద్యోగి. అంటే మన బాపతే. తల్లిదండ్రులు అక్కడ, పిల్లలు ఇంగ్లండులో. పదేళ్ళ ప్రాయంలోనే ఆమెకు స్ఫటికాలు పెంచడం సరదా అయింది. స్కూల్లో రసాయన శాస్త్రం మగపిల్లలకు మాత్రమే చెప్పేవారు; ఈమెనూ, మరొక అమ్మాయినీ ప్రత్యేకంగా అనుమతించారు. ఎక్స్‌రేల గురించి బ్రాగ్ గారు వ్రాసిన పుస్తకం ఒకటి తల్లి కొనిపెట్టారు. దానితో దారి స్థిరపడింది.

ఇక్కడ విషయం కొంచెం చెప్పాలి. ఉప్పు కల్లు, కలకండ పలుకు స్ఫటికాలే. వాటిలో అణువులు వరుస తప్పకుండా పేర్చి ఉంటాయి. స్ఫటికం గుండా ఎక్స్‌రేలు పంపితే అవి చెదిరి ఫిల్ము మీద చుక్కలుగా పడతాయి. చిల్లుల పరదా గుండా వచ్చిన దీపం వెలుగు గోడమీద పడితే, ఆ చుక్కలను చూసి పరదా అల్లిక ఎలాంటిదో చెప్పడం వంటిది ఈ విద్య. చుక్క ఎక్కడ పడింది, ఎంత నల్లగా ఉంది అని వేల చుక్కలకు లెక్క కట్టాలి. ఆ రోజుల్లో కంప్యూటర్లు లేవు. చెక్క పెట్టెల్లో వరుసగా అమర్చిన, అంకెలు అచ్చువేసిన సన్నటి కాగితపు పట్టీలు తీసి కూడికలు వేసేవారు. ట్రెజరీలోనూ అకౌంట్స్‌లోనూ పనిచేసిన మిత్రులకు ఆ శ్రమ వేరే చెప్పనక్కరలేదు.

1934లో కేంబ్రిడ్జిలో ఆమె గురువు బెర్నాల్, ఆమె కలిసి పెప్సిన్ అనే ప్రోటీను స్ఫటికానికి తొలిసారి చక్కని ఎక్స్‌రే చిత్రం సాధించారు. కిటుకు ఏమంటే, స్ఫటికాన్ని ఎండబెట్టకుండా అది పెరిగిన ద్రవంలోనే తడిగా ఉంచడం. ఆ సంవత్సరమే ఆమె చేతి కీళ్ళకు వాతం పట్టుకొంది. అప్పటికి ఆమె వయస్సు 24. ఆ తరువాత వేళ్ళు వంకర తిరిగాయి. ఎక్స్‌రే యంత్రం స్విచ్చి వేయలేక దానికి పొడుగాటి పిడి చేయించుకొన్నారు. అయినా ఇసుక రేణువంత స్ఫటికాలను ఆ చేతులతోనే అమర్చేవారు.

1935లో ఆక్స్‌ఫర్డులో ఇన్సులిన్ స్ఫటికానికి మొదటి చిత్రం తీశారు. చుక్కలైతే వచ్చాయి గాని, అర్థం విప్పడానికి అప్పటి సాధనాలు చాలలేదు. ఫైలు ఉండిపోయింది. మధ్యలో యుద్ధం వచ్చింది, వివాహమైంది, ముగ్గురు బిడ్డలు పుట్టారు. 1945లో పెనిసిలిన్ నిర్మాణం తేల్చారు. తరువాత విటమిన్ బి-12. ఇక్కడ మన భీమవరం బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోవాలి. ఆయన బృందం అమెరికాలో తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ ఒక మొండి రక్తహీనతలో రక్తాన్ని బాగుచేసింది గాని నరాల జబ్బును ఆపలేకపోయింది. ఆ లోటు తీర్చినది 1948లో వేరుచేసిన బి-12. దాని నిర్మాణాన్ని డొరొతీ బృందం 1956 నాటికి విప్పింది. లెక్కలు కాలిఫోర్నియాలోని కంప్యూటరు మీద వేయించి, ఉత్తరాల ద్వారా తెప్పించుకొనేవారు. 1964లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు ఆమె భర్త ఉద్యోగం చేస్తున్న ఘనాలో ఉన్నారు.

ఇన్సులిన్ మాత్రం 1969లో గాని తేలలేదు. ముప్పై నాలుగేళ్ళు! పెండింగులో ఇంతకాలం ఉన్న కాగితాన్ని అదే అధికారి పరిష్కరించడం నా సర్వీసులో నేను చూడలేదు. ఆ బృందంలో మన దేశపు ఎం. విజయన్ గారు కూడా ఉన్నారు. ఆయన పిమ్మట బెంగుళూరులో ఈ విద్యను పెంచారు.

ఇంత కాలం పట్టడానికి ఒక కారణం ఎక్స్‌రేల బలహీనత. ఒక్కొక్క చిత్రానికి గంటల తరబడి ఆగాలి. స్ఫటికం చిన్నదైతే చుక్కలే కనపడవు. దీనికి మందు అనుకోని చోట దొరికింది. తడిసిన గొడుగును గిర్రున తిప్పితే అంచునుండి నీళ్ళు చిమ్ముతాయి గదా. అలాగే ఎలక్ట్రాన్లను ఇంచుమించు కాంతి వేగంతో అయస్కాంతాల మధ్య వంపు తిప్పితే అవి వెలుగు చిమ్ముతాయి. 1947లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వారి సింక్రోట్రాన్ యంత్రంలో దీనిని మొదట కంటితో చూశారు. యంత్రం కట్టినవారికి అది శక్తి నష్టం మాత్రమే. కొన్నాళ్ళకు ఆ వృథా వెలుగే కావాలంటూ ఇతర శాస్త్రజ్ఞులు వచ్చి, పెద్దింటి వసారాలో అద్దెకున్నవారిలాగా మిగిలిన సమయంలో పనిచేసుకొన్నారు. 1971లో హాంబర్గులో కండరం చిత్రాలు దీనితో తీశారు. 1981లో ఇంగ్లండులో డార్స్‌బరీ వద్ద కేవలం ఈ వెలుగు కోసమే ఒక వలయం పనిచేయసాగింది. ఒకప్పుడు గంటలు పట్టిన చిత్రం ఇప్పుడు సెకనులో చిన్న భాగంలో వస్తుంది.

డొరొతీ 1993లో చక్రాల కుర్చీలోనే బీజింగ్ సమావేశానికి వెళ్ళి వచ్చారు. 1994 జూలై 29న కన్నుమూశారు. ఆ ఏడాదే ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో 844 మీటర్ల చుట్టుకొలత గల వలయాన్ని శాస్త్రజ్ఞుల వాడకానికి తెరిచారు. ఆమె పనిచేసిన ఆక్స్‌ఫర్డుకు దగ్గరలో 2007 నుండి డైమండ్ అనే వలయం నడుస్తోంది. 2020లో కరోనా వైరస్ ప్రోటీనుకు అతుక్కొనే పదార్థాలను అక్కడ వెతికారు. 2009లో నోబెల్ పొందిన వెంకట్రామన్ రామకృష్ణన్ గారి రైబోజోమ్ చిత్రాలు కూడా ఇటువంటి వలయాల వద్ద తీసినవే.

మనకు ఇండోర్‌లో 1999 నుండి ఇండస్-1, 2005 నుండి ఇండస్-2 ఉన్నాయి. రెండవది 172 మీటర్ల చుట్టుకొలత గలది. ప్రోటీను స్ఫటికాలకు ప్రత్యేకంగా ఒక మార్గం కూడా ఏర్పరచారు. అక్కడ కాకుండా జపానులోని సుకుబాకూ, హాంబర్గుకూ మనవాళ్ళు వెళుతున్నారు. యంత్రం ఎవరి సొంతమూ కాదు. ఎందుకు కావాలో అర్జీ పెట్టుకోవాలి, నిపుణుల కమిటీ చూడాలి, మంజూరైతే కొన్ని షిఫ్టులు ఇస్తారు. ఆ గంటలు రాత్రివైనా సరే, పిల్లలు స్ఫటికాలను ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి పట్టుకొని వెళ్ళి, నిద్ర మానుకొని పనిచేసి వస్తారు.