ఓటో షాట్ పండితుని జీవితము

గాజు పగులుట యెల్లరకు దెలిసిన విషయమే. అది యేల పగులునని విచారించినవారు బహు కొలదిమంది. విద్యుద్దీపములు లేని దినములలో మన పల్లెలయందు వెలుగుచున్న లాంతరు చిమ్నీపై నొక వానచుక్క పడినంతనే యది ఫెటిల్లున పగిలెడిది. గృహిణులు తమ దురదృష్టమును దలచుకొని క్రొత్త చిమ్నీని గొనెడివారు. అట్టి పగులునకు గారణమును గొలిచి, లెక్కకట్టి, దానికి మందు గనిపెట్టినవారిలో నగ్రగణ్యుడు ఓటో షాట్.

షాట్ 1851వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన జర్మనీ దేశమునందలి విట్టెన్ పట్టణమున జన్మించెను. తండ్రి కిటికీ అద్దములు చేయు వృత్తిలో నుండినవాడు. ఆ కాలమున గాజుపని పెద్దల నుండి పిల్లలకు వచ్చు విద్య. ఇసుక, సోడా, సున్నము మున్నగు కొలది వస్తువులను జెప్పిన పాళ్లలో గలిపి కరగించుటయే గాని, పాలు మార్చిన నేమగునని ప్రశ్నించుట యరుదు. షాట్ తండ్రి వృత్తిని విడువలేదు. ప్రశ్నింపని యలవాటును మాత్రము విడిచెను. ఆహెన్, వుర్ట్స్‌బుర్గ్, లైప్జిగ్ నగరములలో రసాయనశాస్త్రము నభ్యసించి, 1875లో యేనా విశ్వవిద్యాలయము నుండి డాక్టరు పట్టమును బొందెను. ఆయన పరిశోధన కిటికీగాజు తయారీలో గలుగు దోషములను గూర్చినది.

1879లో ఆయన లిథియము గలిపి క్రొత్తగాజు నొకదానిని జేసి, యేనాలోని ఎర్నెస్టు ఆబె యను శాస్త్రాచార్యునికి బంపెను. ఆబె, కార్ల్ జైస్ గారి సూక్ష్మదర్శిని కర్మాగారములో భాగస్వామి; మంచి కటకములకు దగిన గాజు దొరకక విచారించుచుండెను. షాట్ పంపిన తునకలో ఆబె కోరిన గుణములు లేకపోయెను. అయినను ఇరువురును నిరాశ చెందలేదు. షాట్ కరగించి పంపుటయు, ఆబె పరీక్షించి వ్రాయుటయు సాగుచుండెను. 1882లో షాట్ యేనాకు దరలివచ్చెను. 1884లో ఆబె, కార్ల్ జైస్, ఆయన కుమారుడు రొడెరిక్ జైస్ అను వారలతో గలిసి గాజు ప్రయోగశాలను స్థాపించెను. 1886 నాటి వారి మొదటి పట్టికలో 44 విధముల గాజులుండెను. వానిలో గొన్ని తేమగాలికి మసకబారగా, వానిని దొలగింపవలసి వచ్చెను.

షాట్ శ్రద్ధతో బరిశీలించిన మరియొక గుణము వ్యాకోచము. కిటికీగాజుతో జేసిన మీటరు పొడవు గల కడ్డీ 100 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 0.9 మిల్లీమీటరు పెరుగును. ఇది స్వల్పమే, కాని గట్టిపడిన గాజు లోహమువలె సాగి సర్దుకొనజాలదు. ఒక ప్రక్క వేడియు, ఒక ప్రక్క చల్లదనమును దగిలినప్పుడు, చల్లబడిన భాగము ముడుచుకొనగోరును, వేడిభాగము దానిని ముడుచుకొననీయదు. ఆ లాగుడునకు దాళలేక గాజు పగులును. షాట్ బోరాన్ సమ్మేళనములను గలిపి బోరోసిలికేట్ గాజును రూపొందించెను. నేడు వాడుకలోనున్న ఆ జాతి గాజుకడ్డీ యంతటి వేడికి 0.33 మిల్లీమీటరు మాత్రమే పెరుగును. ఆ గాజుతో జేసిన చిమ్నీలు గ్యాసుదీపముల వేడికి నిలిచెను.

ఒకే గాజు సంగతి యిట్లుండగా, రెండు గాజుల నతికినప్పుడు చిక్కు మరింత పెరుగును. తొందరగా జల్లార్చినందున గలుగు పగులు ఒక విధము. దానికి మెల్లగా జల్లార్చుటయే మందు. వ్యాకోచము వేరైన గాజుల నతికినందున గలుగు పగులు వేరొక విధము. ఎన్ని దినములు మెల్లగా జల్లార్చినను ఈ రెండవదానికి శాంతి లేదు; ఒకటి యెక్కువగాను, ఒకటి తక్కువగాను ముడుచుకొనును గదా. అతుకు మొదట చక్కగానే కనబడి, కొన్ని వారముల పిమ్మటనైనను చీలవచ్చును.

1890 దశకములో షాట్ ఈ భేదమునే సాధనముగా జేసికొనెను. వ్యాకోచము వేరైన రెండు గాజులను బొరలుగా నతికి గొట్టములు చేసెను. ఎక్కువగా ముడుచుకొను పొర రెండవదానిని నొక్కి బిగించును. గాజు లాగుడునకు దుర్బలము, నొక్కుడునకు మిక్కిలి బలిష్ఠము. కావున పొరల పాళ్లు సరిగా గుదిరినచో ఆ గొట్టము మామూలు గాజుకంటె నెక్కువ తాళును. ఆవిరి బాయిలర్లలో నీటిమట్టమును జూపుటకు ఇట్టి గొట్టములను వాడిరి. అవి పగిలినచో మరుగునీరును, ఆవిరియు బ్రక్కనున్న పనివానిమీద బడును. కావున ఆ మిల్లీమీటరు లెక్క మనుష్యప్రాణముల లెక్కయే యయ్యెను.

నేడు రంగుగాజు తునకలను గొలిమిలో నతికి చిత్రములు చేయు కళాకారులకును ఇదియే నియమము. వారి గాజులపై 90, 96 అను అంకెలు తరచుగా గానవచ్చును. ఇవి వ్యాకోచమును దెలుపునవి. అంకె యొకటియైనంత మాత్రమున జాలదు. మెత్తబడినప్పటి చిక్కదనము గూడ గుదురవలెను. అందుచే జాగ్రత్తపరులు ముందుగా నొక చిన్న తునకను స్వచ్ఛమైన గాజుపై నతికి, ధ్రువణ ఫలకముల నడుమ నుంచి చూతురు. తునక చుట్టును వెలుగు వలయము గనబడినచో ఆ జత పనికిరాదు.

షాట్ 1919లో కర్మాగారమందలి తన భాగమును కార్ల్ జైస్ ధర్మసంస్థకు నొసగెను. 1935 ఆగస్టు 27వ తేదీన యేనాలోనే కాలధర్మము నొందెను.

రోలుగుంట విద్యార్థులారా! ప్రయోగశాలలో బరీక్షనాళికను మంటపై బట్టునప్పుడు ఈ గాజుపనివాని కుమారుని దలపుడు. పగిలిన గాజును అందరును ఊడ్చి పారవేయుదురు. ఆయన దానిని జూచి, కారణమేమని యడిగెను. జవాబు దొరకువరకు గొలుచుట మానలేదు. మీ చేతిలో నేదైన చెడినప్పుడు విధిని నిందింపక, ముందుగా గొలిచి చూడుడు.