దామెర్ల రామారావు: 28 ఏళ్లు నిండని జీవితం

మనలో బాపు బొమ్మ తెలియనివాళ్లు ఉండరు. వడ్డాది పాపయ్య గారి చందమామ అట్టలు చూస్తూ పెరిగినవాళ్లూ చాలామందే. వాళ్లిద్దరికీ ముందు తరంలో, దేశం మొత్తం మీద పేరు తెచ్చుకున్న తెలుగు చిత్రకారుడు ఎవరయ్యా అంటే మొదట చెప్పాల్సిన పేరు దామెర్ల రామారావు. రాజమండ్రి మనిషి. 1897 మార్చి 8న పుట్టి, 1925 ఫిబ్రవరి 6న పోయారు. లెక్క వేయండి, 28 నిండటానికి ఇంకా నెల రోజులుంది. మన సైట్ల మీద ఆ వయసు కుర్రాణ్ణి ఇంకా హెల్పర్ అనే పిలుస్తుంటాం.

చిన్నప్పటి నుంచీ ఆయనకి బొమ్మల పిచ్చి. ఊళ్లో అలాంటి పిల్లలు చాలామంది ఉంటారు, పెద్దయ్యాక ఏ పొలంలోనో కొట్లోనో పడి మర్చిపోతారు. రామారావు గారికి అలా జరగలేదంటే కారణం ఒక ఇంగ్లీషు దొర. ఆస్వాల్డ్ కూల్డ్రే అని, రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్. ఆయన స్వయంగా బొమ్మలు వేసేవాడు, రాసేవాడు. పిల్లల్లో పనితనం కనిపిస్తే వదిలేవాడు కాదు, వెంటబెట్టుకుని అజంతా దాకా తీసుకెళ్లి చూపించాడు. అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. దొరల మీద మనకి ఎన్ని కోపాలున్నా, ఈ ఒక్కాయనకి మాత్రం దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

ఆ కూల్డ్రే ప్రోత్సాహంతోనే 1916లో రామారావు గారు బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. వయసు 19. గోదావరి ఒడ్డు నుంచి బొంబాయి! మాట వేరు, తిండి వేరు, తెలిసిన ముఖం ఉండదు. డల్లాస్ ఎయిర్‌పోర్టులో మొదటిసారి దిగిన రోజు మనకి ఎలా ఉందో గుర్తు తెచ్చుకుంటే సరిపోతుంది. ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆయన వెళ్లేనాటికే బొంబాయిలో తెలుగువాళ్లు ఉన్నారు, చదువుకోవడానికి వచ్చినవాళ్లు కాదు, కట్టడాల పనికి వచ్చినవాళ్లు. నిజాం రాజ్యం నుంచి వలస వచ్చిన కామాటీలు. వాళ్లున్న పేటకే కామాటిపుర అని పేరు. ఇవాళ ఆ పేరు వినగానే జనం ఇంకేదో అనుకుంటారు గానీ అది మొదట రాయి, ఇటుక, సున్నం మోసిన మనవాళ్ల పేరు. బొంబాయి పెద్ద రైల్వే స్టేషన్ గోడల మీద కనిపించే పువ్వులూ జంతువులూ ఉన్న రాతిపనిలో జె.జె. స్కూలు విద్యార్థుల చెయ్యి ఉంది. కుంచె, ఉలి, తాపీ మూడూ ఒకే ఊళ్లో పనిచేశాయన్నమాట. తాపీ పట్టినవాడి పేరు మాత్రం ఎక్కడా చెక్కలేదు.

జె.జె.లో నేర్పింది పడమటి దేశాల పద్ధతి. మనిషిని ఎదురుగా నిలబెట్టి ఎముక ఎక్కడుంది, కండ ఎక్కడ తిరిగింది, వెలుగు ఎటు పడింది అని చూసి గీయడం. అప్పటికి కలకత్తాలో ఇంకో దారి నడుస్తోంది. పల్చటి నీటిరంగులు పొరలు పొరలుగా కడిగి, గీత కరిగిపోయేట్టు, కలలో చూసినట్టు వేసే పద్ధతి. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ ఆ దారే నేర్పారు, బాపిరాజు గారు అటు వెళ్లారు. రామారావు గారు రెంటికీ మధ్య తన దారి తీసుకున్నారు. కథ మనది, గీత స్పష్టం, ఒళ్లు నిజమైన ఒళ్లు. ఒకే గురువు దగ్గర ఇద్దరు శిష్యులు చెరో దారి పట్టడం చూస్తే ముచ్చటేస్తుంది. బాపిరాజు గారు తర్వాత నవలలు రాశారు, సినిమాలకి కళాదర్శకత్వం చేశారు. ఈయన కుంచె వదల్లేదు. వదిలేంత కాలం కూడా బతకలేదు.

1920లో చదువు పూర్తయ్యాక ఆయన బొంబాయిలోనే ఉండిపోవచ్చు. పెద్ద ఊరు, డబ్బున్నవాళ్లు, బొమ్మలు కొనేవాళ్లు. రాజమండ్రిలో ఎవరు కొంటారు? అయినా తిరిగొచ్చారు. ఈ ముక్క చదివినప్పుడల్లా నేను కాసేపు ఆగుతాను. మనలో ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు వేసుకునే లెక్కే ఇది, ఇంకో రెండేళ్లు, ఇంకో రెండేళ్లు అంటూ. ఆయన మటుకు వచ్చేసి, ఊళ్లోనే కూర్చుని పని చేశారు.

1922లో కలకత్తాలో జరిగిన ప్రదర్శనకి ఋష్యశృంగుడి బొమ్మ పంపితే వైస్రాయ్ బహుమతి వచ్చింది. ఆడదాని ముఖమే ఎరగకుండా అడవిలో పెరిగిన కుర్రమునిని, వానలు లేని అంగదేశానికి రప్పించడానికి వలలో వేసుకున్న కథ అది. మన పల్లెల్లో హరికథల్లో విన్నదే. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌లో ఆయన బొమ్మలు పెట్టారు. ఆ పేరు చూసుకుని ఇంట్లో కూర్చోలేదు, రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టి కుర్రాళ్లకి నేర్పడం మొదలుపెట్టారు. సిద్ధార్థ రాగోదయం, పుష్పాలంకారం, నందిపూజ, తూర్పు కనుమల మధ్య గోదావరి, కాఠియావాడ్ గొల్లపడుచులు, ఇవన్నీ ఆ నాలుగైదేళ్ల చుట్టూ వేసినవే. వాటితోపాటు నోటుపుస్తకాల నిండా పెన్సిల్ గీతలు.

ఆ పెన్సిల్ గీతల గురించి మన పనివాళ్లకి అర్థమయ్యేట్టు రెండు మాటలు చెబుతాను. పెన్సిల్ అంటే మన చాక్ లైన్ లాంటిది. అది సరిగ్గా పడకపోతే పైన ఎంత ఖరీదైన టైల్ వేసినా వంకరే. నూనెరంగు డ్రైవాల్ పని లాంటిది. తప్పొస్తే ఆరాక మళ్లీ పూసి సరిచేసుకోవచ్చు. నీటిరంగు కాంక్రీట్ లాంటిది. తడి ఉన్నంతసేపే నీది, ఆ తర్వాత నువ్వేం చేసినా వినదు. పైగా తెల్లరంగు పూయరు, కాగితాన్నే వదిలేస్తారు. ఎక్కడ పూయకూడదో ముందే తెలియాలి. రామారావు గారి నీటిరంగు బొమ్మ ఏదైనా పుస్తకంలో దొరికితే రంగుని కాదు, వదిలేసిన చోటుని చూడండి.

ఇలా చూడటం అలవాటు కావడానికి మనకి ఇక్కడ డబ్బు ఖర్చే లేదు. మన ఫ్రిస్కోలోనే హాల్ పార్క్‌లో టెక్సస్ శిల్పుల పని ఆరుబయట ఉంది, టికెట్ లేదు. ఇనుము ఎక్కడ వెల్డ్ చేశారో, రాయిని ఎక్కడ నునుపు చేయకుండా ఉంచారో మన కళ్లకి పట్టినంతగా సూటు వేసుకున్నవాళ్ల కళ్లకి పట్టదు. డల్లాస్ మ్యూజియంలో మామూలు ప్రవేశం ఉచితం. ఆదివారం కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్లినప్పుడు దణ్ణం అయ్యాక ఒక్క నిమిషం నిలబడి చెక్కిన చేతుల్ని కూడా తలుచుకోండి.

1925లో రాజమండ్రిలో రామారావు గారికి మశూచి సోకింది. ఆ రోజుల్లో దానికి మందు లేదు. టీకా అప్పటికి వందేళ్ల పైనుంచీ ఉంది గానీ అందరికీ అందలేదు, అందిన చోట అందరూ వేయించుకోలేదు. (మన ఫోరం క్యాంపులో ఫ్లూ టీకా అంటే తప్పించుకు తిరిగేవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవాలి.) ఆయన పోయేనాటికి బడి ఇంకా పసిబిడ్డ. ఇక దాని సంగతి అంతే అనుకోవాల్సిన సమయం. కానీ మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బడి మూతపడనివ్వలేదు, దాన్ని నడుపుతూ ఎంతోమందిని తయారుచేశారు. బొమ్మలు చెల్లాచెదురు కాకుండా నిలవడం వల్లే రాజమండ్రిలో ఆయన పేరిట ఆర్ట్ గ్యాలరీ ఏర్పడింది. కాగితం మీది నీటిరంగు గోదావరి తేమకీ, మన ఎండలకీ వందేళ్లు ఆగడమంటే మాటలు కాదు, రోజూ కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి.

భార్య సత్యవాణి గారు ఆయన దగ్గరే బొమ్మలు నేర్చుకున్నారు. చిన్న వయసులోనే ఒంటరి అయ్యారు. ఆ రోజుల్లో అలాంటి ఆడపిల్లని మూల గదిలో కూర్చోబెట్టేవాళ్లు. ఆవిడ కుంచె పట్టుకునే ఉన్నారు. చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా బొమ్మలు వేశారు. సెలవుకి ఊరెళ్లినప్పుడు రాజమండ్రి గ్యాలరీకి వెళితే వాళ్లిద్దరి పేర్లూ అడిగి చూడండి.